ఉల్లిపాయలు చవకైనప్పుడు

(రేడియో ప్రసంగం)



ధరలు పెరిగినప్పుడు ఎలా సర్దుకోవాలో మన ఆడవాళ్ళకి ఒకరు నేర్పనక్కరలేదు. 2019 డిసెంబరులో ఉల్లిపాయలు కిలో వంద రూపాయలు దాటినప్పుడు, రైతుబజారు వరసలో నిలబడి ప్రభుత్వం కిలో 25 రూపాయలకి అమ్మిన ఉల్లిపాయలు తెచ్చుకున్నది మనమే. పాయలో సగం తాళింపులో వేసి, మిగతా సగం మర్నాటికి దాచుకున్నదీ మనమే. కాని ధర పడిపోయినప్పుడు ఏం చేయాలన్నది మాత్రం మనం అంతగా ఆలోచించం. చవకగా వచ్చాయి కదా అని పది కిలోలో, ఇరవై కిలోలో తెచ్చి వంటింటి మూలన పోస్తాం. పదిహేను రోజులు తిరిగేసరికి ఆ మూల నుంచి ఒక కంపు మొదలవుతుంది. అడుగున ఉన్నవి నీరు కారుతుంటాయి, పైనున్నవి మొలకలేస్తుంటాయి. ముక్కు మూసుకుని సగం ఎత్తి పారబోస్తాం.

ఒక చిన్న లెక్క వేద్దాం. కిలో పదిహేను రూపాయల చొప్పున పది కిలోలు కొన్నారనుకోండి. నూటయాభై రూపాయలు. అందులో నాలుగు కిలోలు కుళ్ళిపోయాయంటే, మీరు వాడుకున్న ఆరు కిలోలూ కిలో పాతికకి కొన్నట్టే. చవక అంతా చెత్తబుట్టలోకి పోయింది. కాబట్టి చవకలో కొనడం సగం పని మాత్రమే. కొన్నదాన్ని వరస ప్రకారం ఖర్చుపెట్టడం మిగతా సగం. ఆ వరస ఏమిటో ఈవేళ చెప్పుకుందాం.

మన ప్రాంతంలో ఉల్లిపాయ అంటే తాడేపల్లిగూడెమే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు ఏలూరు ఒక జిల్లాలోనూ గూడెం మరొక జిల్లాలోనూ పడ్డాయి గాని, ఉల్లిపాయల బస్తాకి ఆ సరిహద్దుతో పని లేదు. గూడెం టోకు మార్కెట్టుకి ముఖ్యంగా రెండు చోట్ల నుంచి సరుకు వస్తుంది. ఒకటి కర్నూలు, రెండవది మహారాష్ట్ర. ఈ రెండింటికీ ఉన్న తేడా తెలిస్తే మన పని చాలా తేలిక అవుతుంది.

కర్నూలు ఉల్లి వర్షాల్లో పెరిగే పంట. సుమారు ఆగస్టు నుంచి నవంబరు దాకా తవ్వుతారు. పంట చేతికొచ్చే వేళకి ఇంకా వానలు పడుతూనే ఉంటాయి. పాయ పైపొర ఎండి, మెడ మూసుకుపోవడానికి వ్యవధి ఉండదు. లోపల తడి ఎక్కువ. ఆ సరుకు దాచేందుకు పనికిరాదు గనక రైతు దాచలేడు, వర్తకుడు దాచలేడు. ఉన్నదంతా ఒక్కసారిగా బజారుకి వస్తుంది, ధర పడుతుంది. 2025 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కర్నూలు రైతులకి జరిగింది ఇదే. ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా క్వింటాలు 1,200 రూపాయలకి కొనవలసి వచ్చింది, తర్వాత హెక్టారుకి 50 వేల రూపాయల సాయం ప్రకటించింది. మనం కిలో చవక అని సంబరపడే రోజున అవతల ఒక రైతు కూలి ఖర్చులు కూడా రాలేదని తల పట్టుకుని ఉంటాడు. అలాంటి సరుకుని మనం తెచ్చి కుళ్ళబెట్టడం రెండు విధాలా పాపం.

ఇక వేసవిలో వచ్చే మహారాష్ట్ర ఉల్లి వేరు. అది చలికాలంలో పెరిగి, మార్చి నుంచి మే దాకా ఎండల్లో తీసే పంట. బాగా ఆరుతుంది. పైపొర కాగితంలా గలగలలాడుతుంది. జాగ్రత్తగా ఉంచితే నెలల తరబడి ఆగుతుంది.

అందుచేత ఒక సూత్రం గుర్తుపెట్టుకోండి. వానాకాలపు ఉల్లిని వండి ఖర్చుచేయాలి, వేసవి ఉల్లిని ఆరబెట్టి దాచుకోవాలి. ఈ రెంటినీ తారుమారు చేస్తేనే నష్టం.

కొనేటప్పుడు

ధర అడిగే ముందు పాయ మెడ నొక్కి చూడండి. మెడ సన్నగా, ఎండి, గట్టిగా ఉంటే అది నిలిచే పాయ. బొటనవేలికి మెత్తగా తగిలితే లోపల తడి ఉన్నదన్నమాట. అది రెండు మూడు రోజుల సరుకు. పైపొర మీద నల్లని మసిలాంటి పొడి కనబడితే అది బూజు. బస్తాలో నాలుగైదింటికి ఉంటే ఆ బస్తా వదిలేయండి. ఇంటికి వచ్చిన వాటిలో ఒకటీ అరా ఉంటే ముందు కడిగి, పైరెండు పొరలూ తీసేసి, లోపల గట్టిగా తెల్లగా ఉంటేనే వాడండి. లోపల కూడా మెత్తబడితే జాలి పడకండి, పారేయండి.

ఎంత కొనాలన్నది మీ ఇంటి లెక్కని బట్టి ఉంటుంది. రోజుకి పావుకిలో ఖర్చయ్యే ఇంట్లో నెలకి ఏడున్నర కిలోలు కావాలి. ఇంకొక సంగతి మరిచిపోకండి. కర్నూలు ఉల్లి చవకగా దొరికే రోజుల్లోనే కార్తీకమాసం వస్తుంది. చాలా ఇళ్ళల్లో ఆ నెలంతా ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. ఇంట్లో అయ్యప్ప దీక్ష తీసుకున్నవారుంటే ఆ నలభై ఒక్క రోజులూ అంతే. దసరాకి పది కిలోలు కొని దీపావళి వెళ్ళగానే మానేస్తే, మిగిలిన పాయలు మన నియమం కోసం ఆగవు. కేలెండరు చూసుకుని కొనండి. పెద్ద బస్తా తప్పదనుకుంటే నాలుగు వాటాల వారు కలిసి కొనుక్కుని పంచుకోండి.

ఇంటికి తెచ్చాక

ఆ రోజే ఒక పాత దుప్పటి మీద పోసి మూడు కుప్పలు చేయండి. దెబ్బ తగిలినవి, మెడ మెత్తనివి, తడిసినవి ఒక కుప్ప. ఇవి రెండు రోజుల్లో అయిపోవాలి. మొలక వచ్చినవి రెండవ కుప్ప. ఇవి వారంలో అయిపోవాలి. గట్టిగా, పొడిగా ఉన్నవి మూడవ కుప్ప. వీటినే దాచాలి.

దాచడానికి కావలసింది గాలి. మనది డెల్టా ప్రాంతం. ఒక పక్క కొల్లేరు, చుట్టూ కాలువలు, వరిచేలు. కర్నూలు ఎండు నేలలో పుట్టిన పాయ మన తేమగాలిలోకి రాగానే చెమ్మ పట్టడం మొదలవుతుంది. కాబట్టి గోనెసంచితో నేల మీద ఉంచవద్దు. ప్లాస్టిక్ సంచిలో ముడివేసి అసలే ఉంచవద్దు. వెదురు తట్టలో రెండు వరసలకి మించకుండా పరచండి. లేదంటే వలసంచిలో పోసి గాలి తగిలే చోట వేలాడదీయండి. మన పెద్దవాళ్ళు వాడిన ఉట్టి ఇందుకు దివ్యంగా పనిచేస్తుంది. అపార్ట్‌మెంటులో ఉన్నవారు బాల్కనీలో ఎండ, వాన తగలని మూలన ఒక కొక్కెం కొట్టించుకుంటే సరి. బంగాళాదుంపలతో కలిపి ఉంచవద్దు. రెండూ ఒకదాన్నొకటి చెడగొడతాయి. ఒలవని పాయలు ఫ్రిజ్‌లో పెట్టినా చెమ్మ పట్టి మెత్తబడతాయి. వారానికోసారి చేయి పెట్టి తిరగేసి, మెత్తబడినది కనబడగానే తీసేయండి. ఒక్కటి కుళ్ళితే పక్కనున్న నాలుగింటినీ తీసుకుపోతుంది.

మొదటి కుప్పకి వంటలు

ముందుగా ఉల్లికారం. ఇది ఒక్కపూట కష్టపడితే వారం రోజులు ఆదుకునే వస్తువు. అరకిలో ఉల్లిపాయలకి పన్నెండు ఎండుమిరపకాయలు, రెండు చెంచాల ధనియాలు, ఒక చెంచా జీలకర్ర, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, ఉసిరికాయంత చింతపండు కావాలి. మిరపకాయలు, ధనియాలు, జీలకర్ర కొద్ది నూనెలో వేయించి, చింతపండు, ఉప్పు చేర్చి పొడి కొట్టండి. అందులో వెల్లుల్లి, ఉల్లిముక్కలు వేసి కచ్చాపచ్చాగా తిప్పండి. నీళ్ళు పోయవద్దు. బాణలిలో రెండు గరిటెల నూనె కాచి, ఈ ముద్దను సన్నని మంట మీద పచ్చివాసన పోయి, అంచుల వెంట నూనె తేలేదాకా వేయించండి. చల్లారాక సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, పొడి చెంచాతోనే తీసుకోండి. గుత్తివంకాయలో కూరుకోవచ్చు. వేగిన దొండకాయల్లో, కాకరకాయల్లో కలపవచ్చు. ఉడికిన కోడిగుడ్లకి పట్టించవచ్చు. ఉద్యోగాలకి వెళ్ళే కోడళ్ళకి ఇది పొద్దున్నే అరగంట మిగులుస్తుంది.

రెండవది చేపల పులుసు. ఏలూరు, కైకలూరు, ఆకివీడు వైపు ఇళ్ళలో చేప తినేవారికి ఉల్లిపాయ ఎక్కువగా ఖర్చయ్యేది ఇందులోనే. బొచ్చె అయినా, శీలావతి అయినా, దొరికితే కొరమేను అయినా, కిలో చేపకి అరకిలో ఉల్లి వేయడానికి వెనకాడవద్దు. సగం సన్నగా తరగండి, సగం ముద్ద నూరండి. తరిగినవి ముందు ఎర్రగా వేగాలి, తర్వాత ముద్ద వేసి నూనె తేలనివ్వాలి. అప్పుడు పసుపు, కారం, ఉప్పు వేసి చింతపండు పులుసు పోసి మరగనిచ్చి, చివరగా చేపముక్కలు వేయండి. తర్వాత గరిటె పెట్టవద్దు, గిన్నె అంచులు పట్టుకుని తిప్పండి. పులుసుకి చిక్కదనం ఇచ్చేది ఉల్లిముద్దే గనక వేరే పిండి ఏదీ కలపనక్కరలేదు. మర్నాటికి ఇంకా రుచిగా ఉంటుందని మీకు నేను చెప్పాలా!

శాకాహారులకి చిన్నపాయల పులుసు ఉన్నది. ఏరగా మిగిలిన గోలీకాయల్లాంటి పాయలని ఒలవడం విసుగని పక్కకి నెడుతుంటాం. పది నిమిషాలు వేడినీళ్ళలో వేస్తే పొట్టు చేతికి ఊడివస్తుంది. వాటిని ముక్కలు కోయకుండా నూనెలో మగ్గించి, చింతపండు రసం, పచ్చిమిరపకాయలు, పసుపు, ఉప్పు, కారం, కాస్త బెల్లం వేసి, పొరలు మెత్తబడేదాకా ఉడికించండి. రెండు చెంచాల బియ్యప్పిండి నీళ్ళలో కలిపి పోసి దించి, ఆవాలు, మెంతులు, ఇంగువ పోపు పెట్టండి. ముద్దపప్పుతో కలిపి తింటే మరొక కూర అడగరు.

ఇక వాన పడే సాయంత్రం పకోడీలు ఎలాగూ ఉన్నవే. చాలామంది పిండిలో నీళ్ళు పోసి పాడుచేస్తారు. సన్నగా తరిగిన ముక్కలకి ఉప్పు రాసి పదినిమిషాలు ఉంచితే తడి వాటిలోంచే వస్తుంది. ఆ తడికి పట్టినంత శనగపిండి, గుప్పెడు బియ్యప్పిండి కలిపితే చాలు. అదే కరకరలాడే పకోడీ.

ఇన్ని పాయలు కోయడానికి కళ్ళు ఒప్పుకోవద్దూ అంటారేమో. ఉల్లిని కోయగానే గంధకం కలిసిన ఒక వాయువు పుట్టి, కంటి తడికి తగిలి మండిస్తుంది. ఒలిచి రెండు చెక్కలు చేసి అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే ఆ ఘాటు తగ్గుతుంది. కత్తిపీట పదునుగా ఉండాలి. వేరు ఉన్న వైపు చివర కోయాలి. ఫాను గాలి మీ మొహం మీదికి కాక, ముక్కల మీదుగా అవతలికి పోయేటట్టు కూర్చోండి.

ఉల్లికాడలు, మొలకలు

రెండవ కుప్పలో మొలకలు వచ్చాయని పారేయకండి. మొలకెత్తిన ఉల్లిలో విషం ఏమీ లేదు. పాయ కాస్త మెత్తబడుతుంది, పచ్చని మొలక మాత్రం ఉల్లికాడే. గట్టిగా ఉన్న మొలక పాయలు నాలుగు తీసి ఒక కుండీలో సగం మునిగేలా నాటండి. రెండు మూడు వారాల్లో కోసుకునేందుకు కాడలు వస్తాయి.

బజారులో ఉల్లికాడల కట్టలు చవకగా దొరికినప్పుడు కూడా మనం అంతే. రెండు కట్టలు తెస్తాం, ఒకటి వాడతాం, రెండవది ఫ్రిజ్‌లో జిగురెక్కుతుంది. తేగానే వేర్లు కోసి, కడగకుండా గుడ్డలో చుట్టి పెట్టండి. వండేముందు బాగా కడిగి, తెల్లని భాగం వేరుగా, పచ్చని భాగం వేరుగా తరుక్కోండి. తెల్లనిది ముందు వేగాలి, పచ్చనిది దించబోయే ముందు మూడు నిమిషాలు మగ్గితే చాలు. ఈ చిన్న కిటుకు పాటిస్తే కూర నల్లబడదు.

పెసరపప్పుని పలుకుగా ఉడికించి ఉల్లికాడలతో కలిపితే పప్పుకూర అవుతుంది. కాడలు వేగాక గుప్పెడు శనగపిండి చల్లి, సన్నని మంట మీద కదుపుతూ ఉంటే పొడికూర అవుతుంది. నాలుగు గుడ్లు కొట్టి వేస్తే పిల్లల డబ్బాలోకి పనికొస్తుంది. ఎండురొయ్యలు తలలు తీసి, కడిగి, దోరగా వేయించి ఉల్లికాడల్లో వేస్తే ఇంటిల్లిపాదీ రెండు ముద్దలు ఎక్కువే తింటారు.

అన్నట్టు, అమెరికాలోనూ ఇంగ్లండులోనూ ఉన్న మన ఆడపిల్లలు అక్కడ చవకగా దొరికే 'లీక్స్' ఏం చేసుకోవాలని అడుగుతుంటారు. అవీ ఉల్లి జాతివే. గడ్డ ఊరదు, తెల్లని కాండం లావుగా పొడుగ్గా ఉంటుంది. పైనున్న ముదురు ఆకులు పీచుగా ఉంటాయి, అవి తీసేయాలి. మట్టి ఎగదోసి పెంచుతారు గనక పొరల మధ్య ఇసుక ఉంటుంది. నిలువునా చీల్చి, ధారకింద పొర పొరా కడగాలి. ఆ తర్వాత మనం ఉల్లికాడలతో చేసే పెసరపప్పు, శనగపిండి పొడికూర వాటితోనూ చేసుకోవచ్చు. కాకపోతే అవి మగ్గడానికి ఇంకొక పది నిమిషాలు పడుతుంది.

దాచుకునే పద్ధతులు

వంటలకి పోగా ఇంకా మిగిలాయనుకోండి. పచ్చి ఉల్లిలో నూటికి 85 నుంచి 90 పాళ్ళు నీరే. ఉల్లి పాడయ్యేది ఆ నీటివల్లనే. కాబట్టి నిలవ చేయడమంటే నీరు తీసేయడమే. వానాకాలంలో ఆ పని పొయ్యితో చేయాలి, వేసవిలో ఎండతో చేయాలి.

వానాకాలంలో, సన్నగా తరిగిన ముక్కలని పళ్ళెంలో పరచి అరగంట ఫాను కింద ఆరనిచ్చి, మధ్యరకం మంట మీద నూనెలో వేయించండి. గోధుమరంగు రాగానే, ఇంకొంచెం ఎర్రబడాలి అనిపించినప్పుడే తీసేయాలి. తీసిన తర్వాత కూడా వేడికి రంగు ముదురుతుంది. కాగితం మీద చల్లార్చి, మూత గట్టి డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే బిరియానీకి, కుర్మాకి, పెరుగు పచ్చడికి చేతికందుతాయి. మరొక పద్ధతి, రెండు కిలోల ముక్కలని కొద్ది నూనెలో సన్నని మంటపై సగానికి సగం అయ్యేదాకా మగ్గించి, ఒక్కొక్క కూరకి సరిపడే ముద్దలుగా చేసి ఐసు పెట్టెలో పెట్టడం. ఇవి ఒకటి రెండు నెలలు ఆగుతాయి. వేయించిన ఉల్లిని నూనెలో ముంచి గట్టు మీద మాత్రం వదిలేయకండి. పైకి బాగానే కనబడినా లోపల చెడిపోయే ప్రమాదం ఉంది.

వేసవిలో అయితే వడియాలు పెట్టండి. గ్లాసు మినపపప్పు నాలుగైదు గంటలు నానబెట్టి గట్టిగా రుబ్బండి. అరకిలో ఉల్లిపాయలు సన్నగా తరిగి, ఉప్పు కలిపి, ఊరిన నీరు తేలికగా పిండేసి పిండిలో కలపండి. నూరిన పచ్చిమిరప, జీలకర్ర చేర్చి, తడిగుడ్డ మీద చిన్నచిన్నవిగా పెట్టి నాలుగు ఎండలు బాగా ఎండనివ్వండి. ముక్కలు సాదాగా ఎండబెడితే ఉల్లి వరుగు. విరిస్తే టప్పున విరగాలి, వంగితే ఇంకా తడి ఉన్నట్టే. కిలో పచ్చి ఉల్లికి వందగ్రాముల పైన కొంచెం వరుగు వస్తుంది. ఇంతేనా అనుకోకండి. ధర వంద దాటిన రోజున చారులోకి, పులుసులోకి ఆ గుప్పెడే ఆదుకుంటుంది.

సెప్టెంబరులో చవకగా వచ్చాయని ఆ వానాకాలపు ఉల్లితో వడియాలు పెట్టడానికి మాత్రం పూనుకోవద్దు. మబ్బు పట్టి రెండవ రోజుకే బూజు వస్తుంది, ఉల్లితోపాటు మినపపప్పు కూడా పోతుంది.

ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదని మన సామెత. ఆ మేలు మనకి దక్కాలంటే తెచ్చిన రోజున పావుగంట కూర్చుని మూడు కుప్పలు చేసుకుంటే చాలు. మెత్తనివి ముందు, మొలకలు తర్వాత, గట్టివి చివర. పెరట్లోనో కుండీల్లోనో మొక్కలున్నవారు పొట్టు, వేర్లు కూడా ఎరువు గుంటలో వేసుకోండి. అప్పుడు పది కిలోల్లో పారేసేది దోసెడు కూడా ఉండదు.